డౌట్ రిజిస్టర్

ఏడూ నలభైకల్లా వేలు పెట్టాలి.
నలభై ఒకటైతే సగం రోజు మిషన్ మింగేస్తుంది.
సుద్ద అరగదీసిన వేలు, నా గీతలు దానికి ఆనవు.
కొంగుకు తుడిచి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తుడిచి.
వెనక నుంచి జబీన్ మేడం
'ఊదండి, ఊదితే తీసుకుంటది' అంటుంది,
వేడి పాల గురించి చెప్పినట్టు.

చింతల్ బ్రాంచి. సంస్థలో నలభై మూడోది.
కింద బైకుల షోరూం, పక్కన బిర్యానీ హోటల్.
నాలుగో పీరియడ్‌కి మసాలా కిటికీలోంచి దిగి
ఎవరి పర్మిషనూ అడక్కుండా బెంచీల మధ్య తిరుగుతుంది.
ఆటల పీరియడ్ సెల్లార్‌లో:
కార్లు రాని రోజు కబడ్డీ,
వచ్చిన రోజు ధ్యానం.

పాఠం మాదాపూర్ నుంచి వస్తుంది,
రాత్రి పదకొండింటికి, ఫోన్‌లోకి,
నిమిషాల లెక్కన ముక్కలు కోసి.
పన్నెండో నిమిషం, ఉదాహరణ రెండు.
పదిహేనో నిమిషం, అర్థమైందా అని అడగాలి.
సరిగ్గా అప్పుడే నలభై మూడు గదులు
'యెస్ మేడం' అంటుంటాయని తలుచుకుంటే
ఒక్కోసారి నవ్వొస్తుంది.
నవ్వుకి నిమిషం కేటాయించలేదు. పైన కెమెరా.

ఇదంతా చెడ్డదని చెప్పడానికి కూర్చోలేదు నేను.
పదో తారీఖుకైనా జీతం పడుతుంది.
నా కూతురికి సగం ఫీజు.
నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో ఉన్నాయి,
ఇంట్లో ఉంటే చెద పట్టేవి కదా అని
దేవసహాయం సార్ ఓదార్పు.
ఏప్రిల్ ఎండలో పాంప్లెట్లు పట్టుకుని
షాపూర్‌నగర్ అపార్ట్‌మెంట్ల మెట్లెక్కుతాం,
మనిషికి ఎనిమిది అడ్మిషన్లు.
ఒకావిడ మంచినీళ్ళిచ్చి
'మీరు టీచరా, సేల్సా?' అని మర్యాదగానే అడిగింది.
గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆలోచించాను.

ఏడో తరగతి, సి సెక్షన్, నెహెమ్యా.
పధ్నాలుగో నిమిషంలో లేచాడు.
'మేడం, సున్నాతోని ఎందుకు భాగించొద్దు?'
భాగించకూడదని ఫోన్‌లో ఉంది. ఎందుకో లేదు.
'డౌట్ రిజిస్టర్‌లో రాయి నాన్నా.'
రాశాడు. పేరు, డౌటు, తేదీ.
నాలుగో గడి తీర్చినవాళ్ళది, తేదీతో సంతకం.

జూన్‌లో వాడు రాలేదు.
ర్యాంకు వాసన తగిలిన ఎదురు రోడ్డు సంస్థ
ఫీజు మాఫీ చేసి ఎత్తుకుపోయిందట.
హాజరు పట్టీలో ఎర్ర గీత, తీసివేత.
నా టార్గెట్‌లో ఒకటి, కూడిక.
ఆడిట్ వాళ్ళు ఖాళీ గడి చూపించి
'ఏదో ఒక తేదీ వెయ్యండి మేడం' అన్నారు.
అలాంటివి చాలా వేశాను, కాదనను.
దీనికి మాత్రం పెన్ను రాయడం లేదన్నాను.

శ్రావణం ముసురు. బాలానగర్ బస్సు నిండా తడి గొడుగులు.
కండక్టరమ్మ ఆధార్ చూసి జీరో టికెట్ చింపిచ్చింది.
'మేడం!'
వేరే రంగు టై, వేరే చారల సాక్సులు,
లోపల అదే నెహెమ్యా, చేతిలో పల్లీల పొట్లం.
'అక్కడ చెప్పారా, సున్నా సంగతి?'
'అక్కడ గూడ రిజిస్టరే ఇచ్చిన్రు మేడం.'

పొట్లం విప్పమన్నాను.
పన్నెండు తియ్. ఇద్దరికి పంచు. ఆరు.
ఒక్కడికి పంచు. పన్నెండు.
ఇప్పుడు ఎవరూ లేరు. పంచు.
ఒక్కొక్కరికి ఎన్నొచ్చాయి?
వాడు పల్లీల వంక చూశాడు. కిటికీ వంక చూశాడు.
'ఒక్కొక్కరికంటే... ఎవరికి మేడం?'

అదేరా.

బస్సు ఫతేనగర్ బ్రిడ్జి ఎక్కుతోంది.
ఎన్నో నిమిషమో చూడలేదు.
'మరి నా జీరో టికెట్లు లెక్కకొస్తయా రావా టీచరమ్మా?'
అని కండక్టరమ్మ మధ్యలో దూరింది.
వస్తాయమ్మా, అది వేరే సున్నా.
ముగ్గురం తలా నాలుగు పల్లీలు తిన్నాం.

మర్నాడు ఏడూ ముప్పై తొమ్మిది.
వేలు ఊది పెట్టాను. తీసుకుంది.
పైకెళ్ళి రిజిస్టర్ తెరిచి
నాలుగో గడిలో తేదీ వేశాను.
సంతకం చోట జీరో టికెట్ అంటించాను.
ఆడిట్ వాళ్ళు అడిగితే
రసీదు అంటాను.